మోండియల్ హెచ్‌పీఎస్ 300 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, తీసుకోవచ్చా?

శేషు, కేపీహెచ్‌బీ:

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉంటాను. రోజూ కేపీహెచ్‌బీ నుంచి గచ్చిబౌలికి ఆఫీసుకి వెళ్ళి రావాలి. ఇప్పటిదాకా నాన్న స్ప్లెండరే నడుపుతున్నాను. కొత్త బండి కోసం ఆరు నెలలుగా చూస్తున్నాను. నా ఎత్తు అయిదడుగుల అయిదు అంగుళాలు, బరువు 58 కిలోలు. ఫ్రెండ్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 రెండు వారాలు నడిపాను. రోడ్డు మీద బాగానే ఉంది కానీ, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వెనక్కి తోసి తిప్పుకోవడానికి చెమటలు పట్టేవి. ఒకసారి ర్యాంప్ మీద దాదాపు పడేశాను.

పోయిన ఆదివారం ఒకాయన దగ్గర ఎఫ్‌బీ మోండియల్ హెచ్‌పీఎస్ 300 చూశాను. 2019 మోడల్, కర్ణాటక నంబరు, 11,400 కిలోమీటర్లు తిరిగింది. ఆయన రెండో ఓనరు. లక్షా అరవై అయిదు వేలు అడుగుతున్నారు. బండి చూడగానే నచ్చేసింది. గుండ్రటి హెడ్‌లైట్, స్పోక్స్ చక్రాలు, కుడి పక్కన పైకి లేచిన రెండు సైలెన్సర్ గొట్టాలు. కూర్చుంటే రెండు కాళ్ళూ నేలకి ఆనాయి. తోస్తే సైకిల్లా కదిలింది.

టెన్షన్ ఎక్కడంటే, ఈ బండి గురించి ఇక్కడ ఎవర్ని అడిగినా పేరే వినలేదంటున్నారు. మా వీధి మెకానిక్ ఫోటో చూసి ‘చైనాదా?’ అని అడిగాడు. కొత్తవి ఇప్పుడు మన దగ్గర అమ్మడం లేదు. పార్టుల సంగతేంటి? రోజూ తిరగడానికి పనికొస్తుందా? ఇటలీ కంపెనీ అంటున్నారు, అసలు దీని కథేంటి? నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.


రమణారెడ్డి, కరీంనగర్:

బ్రదర్, నా మాట విను, వద్దు. షోరూమ్ లేని బండి అంటే పెళ్ళయ్యాక పుట్టిల్లు లేని కోడలి పరిస్థితే. చిన్న దెబ్బ తగిలినా చెప్పుకోవడానికి చోటు ఉండదు. నేను ఇన్సూరెన్స్ సర్వేల పనిలో పదకొండేళ్ళుగా ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతున్నాను. బండికి అయిదేళ్ళు దాటితే ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్ వాళ్ళు బండికి కట్టే విలువ, ఇంత అని పట్టిక ఏమీ ఉండదు, నువ్వూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకున్నదే లెక్క. అందరూ వాడే బండి అయితే మార్కెట్ రేటు తెలుస్తుంది కాబట్టి మాట్లాడటం తేలిక. ఇలాంటి అరుదైన బండికి పోల్చడానికి ఇంకోటి ఉండదు. ట్యాంకు సొట్టపోతే కొత్త ట్యాంకు రేటు ఎవరు చెప్తారు? ఎస్టిమేట్ రాసే వర్క్‌షాపే దొరకదు.

నువ్వు మరీ తీసుకుంటానంటే థర్డ్ పార్టీ తప్పనిసరి కాబట్టి అది కట్టు. ఓన్ డ్యామేజ్‌కి, అంటే నీ బండికే జరిగే నష్టానికి, ముందే ఐడీవీ ఎంత రాస్తారో కనుక్కుని, ఆ తర్వాతే డబ్బు చేతిలో పెట్టు.


కరకట్ట రైడర్, విజయవాడ:

శేషు తమ్ముడూ, ఈ బండి నా దగ్గర ఉంది. 2021 నుంచి నడుపుతున్నాను. మన రాష్ట్రాల్లో ఇంకా కొందరి దగ్గర ఉండే ఉంటుంది కానీ నాకు తెలిసినవాళ్ళు లేరు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, పెద్దదైతే ఏమీ అనుకోకు. రమణారెడ్డిగారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయినా నేను కొన్నాను. ఎందుకో చెబుతాను.

నా వయసు 46. ఆటోనగర్‌కి దగ్గర్లో మోటార్ రీవైండింగ్ షాపు ఉంది. 2019లో మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయింది. అప్పటికి నా దగ్గర పాత బుల్లెట్ ఉండేది. డాక్టరు నడవమన్నాక కూడా ఆ బండిని సెంటర్ స్టాండ్ మీదికి ఎక్కించాలంటే భయం వేసేది. ఎడమ కాలు మీద బరువు పడితే మోకాలి లోపల ఏదో జారినట్టు ఉండేది. ఎనిమిది నెలలు బండి అలాగే ఉంచి, స్కూటర్ మీద తిరిగి, చివరికి అమ్మేశాను. అమ్మిన రోజు రాత్రి అన్నం సయించలేదు.

అప్పుడు నాకు తెలిసింది, నేను వెతకాల్సింది పవర్ కాదు, బరువు అని. హెచ్‌పీఎస్ 300 బరువు కంపెనీ లెక్కలో 135 కిలోలు. ఇప్పటి క్లాసిక్ 350 దగ్గర దగ్గర 195. తేడా దాదాపు ఒక సిమెంటు బస్తా. నువ్వు సెల్లార్‌లో పడ్డ కష్టం ఆ బస్తాదే. 2018లో తిరిగొచ్చిన జావా కూడా 170 దాకా ఉంది. చదువుకునే రోజుల్లో తెనాలిలో మా మేనమామ ఆర్‌ఎక్స్ 100 నడిపేవాణ్ణి. అది నూరు కిలోల చిల్లర. దాని మీద నుంచి దిగాక ప్రతి బండీ బరువే అనిపించింది. హ్యాండిల్ తిప్పాలని అనుకోగానే బండి తిరగడం, బ్రేకు నొక్కగానే నిలబడటం, ఇరుకు సందులో ఆపి ఒంటి చేత్తో వెనక చక్రం పక్కకి జరపడం, ఇవి ఏళ్ళ తరువాత మళ్ళీ ఈ బండి మీదే దొరికాయి. ముందు తలకిందుల ఫోర్కులు, వెనక రెండు షాకులు. స్పీడ్ బ్రేకర్ దగ్గర కాస్త గట్టిగానే తగులుతుంది, అది ముందే చెబుతున్నాను.

పేరులో 300 అని చూసి మోసపోకు, ఇంజిను 249 సీసీ. ఒకే సిలిండరు, నాలుగు వాల్వులు, నీటితో చల్లబడేది, ఆరు గేర్లు. 25 పీఎస్ పవర్ వస్తుంది కానీ అది 9,000 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ 22 ఎన్‌ఎం, అదీ 7,000 దగ్గర. అంటే నడిపే తీరు మార్చుకోవాలి. క్లాసిక్ లాగా నాలుగో గేరులో నలభై మీద పోతూ యాక్సిలరేటర్ తిప్పితే ఇది కదలదు, గొణుగుతుంది. రెండు గేర్లు తగ్గించి తిప్పితే అప్పుడు లేస్తుంది. స్ప్లెండర్ నుంచి వస్తున్నావు కాబట్టి మొదటి నెల బద్ధకంగా ఉందనుకుంటావు. గేరు మార్చడానికి బద్ధకించకపోతే గచ్చిబౌలి ట్రాఫిక్‌లో నీకు ఇంతకంటే తేలికైన బండి దొరకదు.

ఇక కథ అడిగావు కదా. ఎఫ్‌బీ అంటే ఫ్రతెల్లీ బోసెల్లీ, బోసెల్లీ అన్నదమ్ములు. 1929లో మిలాన్‌లో మొదలుపెట్టారు. ప్రపంచ మోటార్‌సైకిల్ రేసింగ్ ఛాంపియన్‌షిప్ మొట్టమొదట జరిగింది 1949లో. ఆ ఏడాది 125 సీసీ తరగతి గెలిచింది మోండియల్ మీద నెల్లో పగానీ. మరుసటి ఏడు బ్రూనో రుఫో, ఆ పై ఏడు కార్లో ఉబ్బియాలీ. వరసగా మూడేళ్ళు 125 టైటిల్ వీళ్ళదే. 1957లో మళ్ళీ 125లో ప్రొవీనీ, 250లో సాండ్‌ఫర్డ్. అదే ఏడాది చివర గిలేరా, మోటో గుజ్జీ కంపెనీలతో కలిసి రేసుల నుంచి తప్పుకున్నారు, ఖర్చు భరించలేక. 1979కల్లా కంపెనీయే మూతపడింది.

నాకు ఇందులో బాగా నచ్చేది హోండా సంగతి. సొయిచిరో హోండా తన బండ్లని యూరప్ రేసులకి తేవాలనుకున్నప్పుడు ఒక మోండియల్ 125 రేసు బండిని సంపాదించి జపాన్ తీసుకెళ్ళి, దాన్ని చూసి నేర్చుకున్నాడు. 1959లో హోండా మొదటిసారి ఐల్ ఆఫ్ మాన్ టీటీ అనే పేరున్న రేసుకి వచ్చింది. ఆ తరువాత నలభై ఏళ్ళకి పైగా గడిచాక మోండియల్ పేరుతో పియేగా అనే పెద్ద బండి చేద్దామని ఇటలీలో ఇంకొకాయన బయల్దేరితే, తన సూపర్‌బైక్ వీ-ట్విన్ (రెండు సిలిండర్ల) ఇంజిను ఇచ్చింది హోండానే. మామూలుగా బయటివాళ్ళకి ఇచ్చే ఇంజిను కాదది. మన దగ్గర అప్పు తీర్చుకోవడం అంటాం చూడు, అది. ఆ బండి నిలబడలేదు, కొద్దికాలమే నడిచింది.

ఇప్పుడు నువ్వు చూసిన హెచ్‌పీఎస్ మూడో జన్మలోది. బోసెల్లీ కుటుంబం వాళ్ళే పేరు మళ్ళీ తెచ్చారు, 2015లో మిలాన్ షోలో 125 చూపించారు. హెచ్‌పీఎస్ అంటే హిప్‌స్టర్‌కి పొట్టి పేరు. మన దేశానికి 2018 చివర్లో కైనెటిక్ వాళ్ళ మోటోరాయల్ ద్వారా 300 వచ్చింది, ఎక్స్-షోరూమ్ 3 లక్షల 37 వేలు. ఆ ఏడాది నవంబరులోనే రాయల్ ఎన్‌ఫీల్డ్ రెండు సిలిండర్ల ఇంటర్‌సెప్టర్ 650 రెండున్నర లక్షలకి వచ్చింది. జావా కూడా అదే నెల. 250 సీసీ సింగిల్‌కి అంత ధర పెట్టి ఎవరు కొంటారు చెప్పు? బండి బాగోలేక కాదు, వచ్చిన వేళ అది. ఆ ధరకి కొన్నవాళ్ళు తక్కువ కాబట్టే నీకూ నాకూ ఇప్పుడు సగం రేటుకి దొరుకుతోంది.

నాది పుణె నుంచి తెచ్చుకున్నాను. లారీలో వేయించుకోమన్నారు అందరూ. నేను నడుపుకుంటూ వచ్చాను, 65వ నంబరు హైవే మీద షోలాపూర్, హుమ్నాబాద్, జహీరాబాద్, హైదరాబాద్, సూర్యాపేట మీదుగా. రెండు రోజులు. 80, 90 మధ్య పెట్టుకుంటే ఇంజిను హాయిగా పాడుతుంది. వంద దాటితే ఫుట్‌రెస్టుల్లో సన్నటి వణుకు మొదలవుతుంది. ట్యాంకు చిన్నది, ప్రతి 150 కిలోమీటర్లకీ బంకు కోసం చూసుకున్నాను. సీటు సన్నం. షోలాపూర్ దాటేసరికి కూర్చోలేక నిలబడి నడిపాను. సూర్యాపేటలో చైను వదులైతే ఒక టైర్ల షాపు ముందు ఆపి బిగించుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ బండి వెనక సీటు చూసి ‘నేనెక్కడ కూర్చోవాలి?’ అంది. ఆమె మాట నిజమే. ఇద్దరు వెళ్ళాలంటే ఇది ఉప్పల్ దాకా అయితే సరే, శ్రీశైలం దాకా అయితే వద్దు.

ఇప్పుడు పార్టుల సంగతి. ఇది ఓపిగ్గా చదువు.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు, ఆయిల్ మార్చడానికి ఒక పెద్ద వర్క్‌షాపులో ఇచ్చేసి వెళ్ళిపోవడం. పేరు అనవసరం. అక్కడ కుర్రాడు ఇంజిను కింద ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టుని గాలి గన్నుతో బిగించాడు. మర్నాడు పొద్దున బండి కింద రూపాయి బిళ్ళంత నల్ల మరక. మూడో రోజుకి పళ్ళెమంత అయింది. బోల్టు పట్టుకుని చూస్తే తిరుగుతూనే ఉంది, బిగుసుకోదు. అల్యూమినియం కేసింగ్‌లో మర పోయింది. ఇంజిను కేసింగ్ కొత్తది కావాలంటే ఎక్కడ వెతకను? ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రి ఉన్నారు, అరవై దాటినాయన. బండి దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, వేలు లోపల పెట్టి తడిమారు. ‘దీనికి హెలికాయిల్ వేద్దాం, కంగారు పడకు’ అన్నారు. బండిని పక్కకి వంచి, రంధ్రాన్ని చేత్తో పట్టుకునే డ్రిల్లుతో కొంచెం పెద్దది చేశారు. డ్రిల్లు బిట్టుకి గ్రీజు పూశారు, అల్యూమినియం తరుగు లోపల పడకుండా దానికే అంటుకోవాలని. తరువాత టాప్‌తో కొత్త మర కోశారు. ఒక తిప్పు ముందుకి, అర తిప్పు వెనక్కి, మధ్యలో తీసి తుడవడం. చివర ఆ హెలికాయిల్, అంటే సన్నటి స్ప్రింగ్‌లాంటి స్టీలు చుట్టని అందులో తిప్పి దింపి, కింద ఉన్న చిన్న తోకని తుంచేశారు. పాత బోల్టు దానిలో వెన్నలోకి దిగినట్టు దిగింది. అర లీటరు ఆయిల్ ఊరికే పోసి కిందికి పారబోశారు, లోపల పొట్టు ఏదైనా ఉంటే కడిగేయడానికి. మొత్తం గంటన్నర. మూడేళ్ళయింది, చుక్క కారలేదు. ఆ మర్నాడే ఎంత బిగించామో చూపే టార్క్ రెంచి కొన్నాను. అప్పటి నుంచి ఆయిల్ నేనే మారుస్తున్నాను.

అలాగే వెనక చక్రం పోయిన ఏడు కొంచెం ఊగింది. బేరింగ్ అని అర్థమైంది. కంపెనీ పార్టు నంబరు వెతుకుతూ వారం పోగొట్టుకున్నాను, తెలివి తక్కువ పని. చక్రం విప్పి పాత బేరింగ్ బయటికి కొట్టి, గుడ్డతో తుడిస్తే దాని అంచు మీదే నంబరు చెక్కి ఉంది. బేరింగులు ఏ దేశంలో చేసినా ఆ నంబరు బట్టే కొలతలు ఉంటాయి. ఉదాహరణకి 6202 అంటే లోపలి రంధ్రం 15, బయట 35, మందం 11 మిల్లీమీటర్లు, ఇటలీలో అయినా విజయవాడలో అయినా అంతే. నంబరు చీటీ మీద రాసుకుని బేరింగుల షాపుకి వెళ్తే పది నిమిషాల్లో చేతిలో పెట్టాడు. నీకైతే రాణిగంజ్ ఉంది. నంబరు చివర 2ఆర్‌ఎస్ అని ఉన్నది అడుగు, రెండు వైపులా రబ్బరు సీలు ఉంటుంది, వానలో నీళ్ళు పోవు.

ఇదే పద్ధతి చాలా వాటికి పని చేస్తుంది. చైను సైజు లింకు మీద రాసి ఉంటుంది. ఫోర్కు సీలుకి కొలత ఉంటుంది. ప్లగ్గుకి నంబరు ఉంటుంది. బ్రేకు ప్యాడ్లయితే పాతది పట్టుకెళ్ళి ఆకారం కలిపి చూడాలి. దొరకనివి వేరే: ట్యాంకు, సైలెన్సరు, హెడ్‌లైట్ గాజు, మీటరు, వైరింగ్, ఈసీయూ అనే ఇంజిను కంప్యూటరు. ఇవి పోతే నెలల తరబడి ఎదురుచూడాలి లేదా ఎవరైనా అటు నుంచి తేవాలి. అందుకే కొనేటప్పుడు నీ కళ్ళు ఇంజిను మీద కంటే వీటి మీద ఉండాలి. ట్యాంకు అడుగున తుప్పు ఉందా, మీటరులో లైట్లన్నీ తాళం తిప్పగానే వెలిగి ఆరుతున్నాయా, వైరింగ్ ఎక్కడైనా కోసి టేపు చుట్టారా. హారన్ మార్చినవాళ్ళు, ఫాగ్ లైట్లు పెట్టినవాళ్ళు ఎక్కువగా వైర్లు కోస్తారు. కోసిన వైరు కనిపిస్తే ఆ బండి వదిలేయి, రేటు ఎంత తగ్గించినా.

చూడటానికి పొద్దున్నే వెళ్ళు, ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పి వెళ్ళు. చేత్తో ఇంజిను ముట్టుకో, చల్లగా ఉండాలి. స్టార్ట్ అయ్యాక పది నిమిషాలు నిలబెట్టి చూడు, ఫ్యాన్ తిరగాలి. నీటితో చల్లబడే బండికి ఫ్యాన్ తిరగకపోతే మన ఎండలకి ట్రాఫిక్‌లో ఇంజిను ప్రాణం పోతుంది. ఆ తరువాత స్క్రూడ్రైవర్ పట్టుకుని రెండు చక్రాల స్పోకులన్నీ ఒక్కొక్కటిగా తట్టు. బిగుతుగా ఉన్నది టింగ్ అంటుంది, వదులైనది డబ్ అంటుంది. మూడు నాలుగు డబ్ అంటే చక్రం పట్టించుకోలేదని అర్థం. టైరు పక్కన సైజు రాసుకుని, కొనే ముందే టైర్ల షాపులో ఆ సైజు దొరుకుతుందా అని అడుగు.

కాగితాల గురించి. కర్ణాటక బండి కాబట్టి ముందు అమ్మేవాడే అక్కడి ఆర్టీఓలో ఫారం 28తో ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తీసుకోవాలి. అది నీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకు. పేరు మార్పుకి 29, 30. తెలంగాణ నంబరుకి 27. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి మళ్ళీ కట్టాలి. అది నీ లెక్కలో కలుపుకో, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటే ఫారం 35తో తీయించాకే మాట్లాడు. ఛాసిస్ నంబరు హ్యాండిల్ మెడ దగ్గర ఉంటుంది, ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిచూడు.

నన్నడిగితే, నీకు ఇంట్లో స్ప్లెండర్ ఉంది కాబట్టి తీసుకో. ఇది ఒక్కటే బండి అయితే వద్దనే వాణ్ణి. పార్టు కోసం పది రోజులు ఆగాల్సి వచ్చినప్పుడు ఆఫీసుకి వెళ్ళడానికి ఇంకోటి ఉండాలి.


నవీన్, బెర్గామో:

అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను ఇటలీలో ఉంటాను, నా దగ్గర ఇదే బండి చిన్న తమ్ముడు, హెచ్‌పీఎస్ 125 ఉంది. దాంట్లో ఇంజిను పియాజియోది, 15 హార్స్‌పవర్. ఇక్కడ కారు లైసెన్స్ అంటే బీ ఉంటే, ఇటలీ లోపల 125 సీసీ, 11 కిలోవాట్ల దాకా మోటార్‌సైకిల్ నడపొచ్చు. అందుకే చాలామంది 125 కొంటారు. మన ఇండియా లైసెన్స్ ఇక్కడ మార్చివ్వరు, మొదటి నుంచి పరీక్ష రాయాల్సిందే, నేను ఇటాలియన్‌లో రాశాను. ముప్పై ప్రశ్నలు, ఇరవై నిమిషాలు, మూడు తప్పుల వరకే. నాలుగు నెలలు చదివాను. పాసైన వారంలోనే బండి కొన్నాను.

పేరు గురించి ఒక మాట. ఇక్కడ ఇలా తిరిగొచ్చిన పేర్లు మోండియల్ ఒక్కటే కాదు. ఎస్‌డబ్ల్యూఎం అనే కంపెనీ 1971లో మొదలై 1984లో మూతపడింది. 2014లో చైనా షైన్‌రే డబ్బుతో, వరేసె దగ్గర ఒకప్పటి హస్క్‌వర్నా ఫ్యాక్టరీలో మళ్ళీ తెరిచారు. వాళ్ళ గ్రాన్ మిలానో 440 కూడా ఇలాంటి పాత రూపం సింగిలే. ఫాంటిక్ అనే ఇంకో కంపెనీ వాళ్ళ కబల్లెరో బండి అయితే రోడ్ల మీద బాగా కనిపిస్తుంది. నా ఇంటి కింద బార్‌లో కాఫీ తాగడానికి వచ్చే ఒక పెద్దాయన నా బండి ట్యాంకు మీద పేరు చూసి ఆగి, చేయి పెట్టి నిమిరాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నకి మోండియల్ ఉండేదట. ఆ రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలుస్తాడు.

శేషు, నేను డిసెంబర్‌లో ఇంటికి వస్తాను, మాది నల్గొండ. చిన్న పార్టులు ఏవైనా, సూట్‌కేసులో పట్టేవి, కావాలంటే పార్టు నంబరుతో రాయి. 125, 300 రెండింటికీ ఏవి కలుస్తాయో ముందే డీలర్‌ని అడిగి చెబుతాను. బ్రేకు లివర్, క్లచ్ లివర్, కేబుళ్ళు ముందుగా తెప్పించుకోవడం మంచిది, పడితే మొదట విరిగేవి అవే.


శేషు, కేపీహెచ్‌బీ:

కరకట్ట అన్నా, నవీన్ అన్నా, రమణారెడ్డిగారూ, అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న పొద్దున ఏడింటికే వెళ్ళాను. ఇంజిను చల్లగానే ఉంది. సెల్ఫ్ రెండోసారికి అందుకుంది. ఫ్యాన్ ఎనిమిదో నిమిషంలో తిరిగింది. స్పోకులు తట్టాను, ముందు చక్రంలో అన్నీ టింగ్, వెనక రెండు డబ్ అన్నాయి. ఆయన స్వయంగా వచ్చి విన్నారు, బిగించి ఇస్తానన్నారు. వైరింగ్ ఎక్కడా కోయలేదు. ట్యాంకు లోపల ఫోన్ లైటు వేసి చూశాను, శుభ్రంగా ఉంది. రెండు తాళాలూ, మాన్యువల్ కూడా ఉన్నాయి. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు లేదు.

లక్షా నలభై రెండుకి ఒప్పుకున్నారు. పది వేలు అడ్వాన్స్ ఇచ్చాను, మిగతాది ఎన్‌ఓసీ వచ్చాకే అని కాగితం రాసుకున్నాం. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ లెక్క వేసుకుంటే ఇంకొంత పెరుగుతుంది, సరే అనుకున్నాను. రమణారెడ్డిగారూ, ఐడీవీ ఎంత రాస్తారో మెయిల్‌లో అడిగాను, జవాబు రాగానే ఇక్కడ పెడతాను.

ఒక్క అనుమానం అన్నా. ఆయిల్ ఆయనే ఇంట్లో మారుస్తారట. డ్రెయిన్ బోల్టు దగ్గర తడిగా ఏమీ లేదు కానీ, వాషర్ నల్లగా, చదునైపోయినట్టు ఉంది. మార్చాలా?


కరకట్ట రైడర్, విజయవాడ:

మార్చు తమ్ముడూ. రాగి వాషర్ ఒకసారి నలిగితే రెండోసారి సరిగా మూయదు. దాన్ని మూయించడానికి ఎక్కువ బిగిస్తారు, మర పోయేది అక్కడే. నేను బోల్టు బయటి కొలత వెర్నియర్‌తో కొలిచి, అయిదు రాగి వాషర్లు ఒకేసారి కొని డబ్బాలో వేసుకున్నాను, ఒక్కోటి పది రూపాయలు కూడా లేదు. నీ బండి వచ్చాక మొదటి ఆయిల్ మార్పు నువ్వే చెయ్యి. ఇంజిను కొంచెం వెచ్చబడ్డాక ఆపి, పాత ఆయిల్ దింపి, కొత్త వాషర్‌తో బోల్టుని ముందు చేత్తోనే నాలుగు మరలు ఎక్కించు. చేత్తో ఎక్కకపోతే వంకరగా పట్టిందని అర్థం, తీసి మళ్ళీ పెట్టు. ఆ తరువాతే రెంచి. బిగింపు ఎంతో మాన్యువల్‌లోనే ఉంటుంది, అది నీ దగ్గర ఉంది కదా, ఆ పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టు. నాకు పుణెలో మాన్యువల్ ఇవ్వలేదు, ఇన్నేళ్ళుగా అంచనాతోనే నడిపిస్తున్నాను.